బోర్లించిన గ్లాసు

1982 ఫిబ్రవరి 27, శనివారం

మా అమ్మాయి వసంత ఈ నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. తను పనిచేసే హాస్పిటల్లో కౌన్సెలర్ చెప్పిందట, మనసులో ఉన్నది రాసుకుంటే తేలికవుతుందని. నాకేం తేలిక అక్కర్లేదే అన్నాను. అయినా రాస్తున్నాను. నాది మిషన్ బడిలో ఐదో క్లాసు చదువు. తప్పులున్నా దిద్దేవాళ్ళెవరు.

ప్రేమానందం పోయాడు. నా కొడుకు. ఇరవై రెండేళ్ళవాడు. అక్క నర్సుగా అమెరికా వచ్చి మా అందరినీ రప్పించుకుంటే, వీడు హైస్కూల్ అయిపోగానే ఇక్కడి ఆర్మీలో చేరాడు. జర్మనీలో పోస్టింగు. మంచు మీద ట్రక్కు జారి బోల్తా పడింది. యుద్ధం లేదు, శత్రువు లేడు. ఉట్టి మంచు. బాపట్లలో ఐసు ఫ్యాక్టరీ వాకిట్లో తప్ప వాడు ఎరగని మంచు.

పోయిన శనివారం సమాధి చేశాం. ఎవరో ముసలివాళ్ళు టోపీలు పెట్టుకుని వచ్చి తుపాకులు ఆకాశంలోకి పేల్చారు. జెండా మూడు మూలలుగా మడిచి నా ఒళ్ళో పెట్టారు. గవర్నమెంటు మనుషులనుకున్నాను. కాదమ్మా, మన చాండ్లర్ ఊళ్ళోనే వెటరన్ల పోస్టు ఉంది, దేశం బయట యుద్ధాలు చేసొచ్చినవాళ్ళ సంఘం, ఊరికే వచ్చారు అని వసంత చెప్పింది.

మా వైపు పెట్టె మోసినవాళ్ళకి అన్నం పెట్టకుండా పంపరు. వీళ్ళు మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయారు. అది గుర్తొచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చూస్తున్నాను.

మార్చి 5, శుక్రవారం

కోడి పలావు వండాను. మా ఆయనతో ఆ పోస్టుకి తీసుకెళ్ళమన్నాను. ఏమే, పిలవని చోటికి గిన్నెలు మోసుకెళ్తామా అన్నారు. వాళ్ళు మనం పిలిస్తే వచ్చారా అన్నాను. కారు తాళాలు తీసుకున్నారు.

పత్తి చేల పక్కన పొట్టి బిల్డింగు. ముందర తుప్పు పట్టిన ఫిరంగి. లోపల సిగరెట్టు వాసన, బీరు వాసన. నా చీర చూసి స్టూళ్ళ మీదివాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. నా ఒళ్ళో జెండా పెట్టినాయన పేరు హెర్షెల్, ఆయనే కమాండర్. మూత తీసి వాసన చూసి, కౌంటర్లో ఉన్న రూబెన్‌తో, ఒరేయ్ నువ్వు వండే చిల్లీ కూరకి ఇవాళ సమాధి కార్యక్రమం అన్నాడట. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వుతూ నాకు తెలుగులో చెప్పారు. వాడు పోయాక ఆయన నవ్వడం ఇదే.

వంటగది కిటికీలోంచి ఒక ఆడమనిషి చూస్తోంది. డాటీ. శుక్రవారాల్లో అక్కడ చేపలు వేయించి అమ్ముతారు. ప్లేటు తయారైతే కిటికీలో ఉన్న చిన్న బెల్లు మీద కొడుతుంది, ఎవరిదైతే వాళ్ళు లేచి వస్తారు. వచ్చే వారం నుంచి నువ్వు రా అంది. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తే ఏమవుతుందో నాకు తెలుసు అంది.

ఏప్రిల్ 2, శుక్రవారం

నాకు ఇంగ్లీషు సగం అర్థమవుతుంది, పావు మాట్లాడతాను. డాటీకి ఆ పావు చాలు. నా కొంగు నూనెలో పడబోతే పట్టుకుని, ఇంత గుడ్డ కట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చేదాన్ని ఇక్కడే చూశాను, నీకు ఏప్రనూ ఫైరింజనూ రెండూ కావాలి అంది. ఏప్రన్ తనే కట్టింది, బొడ్డు దగ్గర గట్టిగా ముడేసి, చిన్నపిల్లకి కట్టినట్టు.

ఆమెకీ ఒక్కడే కొడుకు. గ్యారీ. వియత్నాంలో వాడి విమానం పడిపోయింది. మనిషి దొరకలేదు. చనిపోయాడని చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. మిస్సింగ్. ఉల్లిపాయలు కోస్తూ, గ్యారీకి ఇవి పడవు అంటుంది. పడేవి కావు అనదు.

నేను ప్రేమ్ గురించి చెప్తుంటే మాత్రం, ఉండేవాడు, తినేవాడు అని వస్తుంది నా నోట. తెలుగులో అనుకుని ఇంగ్లీషులో చెప్తానేమో, మధ్యలో ఆపేసి పిండి కలుపుతాను.

మే 21, శుక్రవారం

చేపల పని అయ్యాక హెర్షెల్ కాఫీ తాగుతూ పోస్టు కథ చెప్పాడు. వాళ్ళ తాత కాలంలో కుర్రాళ్ళని ఓడల్లో ఎక్కించి, సముద్రం అవతల దీవుల్లో యుద్ధానికి పంపారట. తిరిగొచ్చినవాళ్ళకి జ్వరాలు, విరేచనాలు. కొందరికి కాళ్ళు లేవు. హాస్పిటల్ లేదు, పెన్షన్ లేదు. జెండాలు ఊపి పంపిన ఊళ్ళే తలుపులు వేసుకున్నాయట. అప్పుడు కొంతమంది ఒక గదిలో కూర్చుని, మనల్ని ఎవరూ చూడకపోతే మనల్ని మనమే చూసుకుందాం అనుకున్నారట. అలా పుట్టింది సంఘం. తర్వాత ప్రతి యుద్ధం నుంచీ కొత్తవాళ్ళు వచ్చి చేరుతూనే ఉన్నారు. హెర్షెల్ది ఇటలీ. రూబెన్‌ది కొరియా.

మరి ఇప్పుడు మీ పని ఏమిటి అని అడిగాను. పోయినవాణ్ణి మర్చిపోకుండా ఉండటం, వాడి ఇంట్లో పొయ్యి ఆరకుండా చూడటం అన్నాడు. మిగతాదంతా బీరే అన్నాడు.

బాపట్లలో మా చర్చి సంఘంలో ఆడవాళ్ళం వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవాళ్ళం, విధవరాళ్ళకి, దిక్కులేని పిల్లలకి. ఇదీ అలాంటిదే అనిపించింది. ఇది నా చోటే అనిపించింది.

వచ్చే సోమవారం కాక పై సోమవారం మెమోరియల్ డే, పోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. పోస్టు గోడ మీద ఇత్తడి రేకుల్లో ఉన్న పేర్లన్నీ పైకి చదువుతారట. ఒక్కో పేరుకీ గంట కొడతారట. ప్రేమ్ పేరూ ఆ రోజుకి వేస్తారనుకుంటున్నాను.

మే 31, సోమవారం

తెల్లచీర కట్టుకుని వెళ్ళాను. పొద్దున్నే ఎండ మాడ్చేస్తోంది. ఆయన సూటు వేసుకున్నారు. వసంత డ్యూటీ మార్చుకుని వచ్చింది.

హెర్షెల్ చదివాడు. రూబెన్ గంట కొట్టాడు. పేరు, గంట. పేరు, గంట. వాడి పేరు వీళ్ళ నోట ఎలా పలుకుతుందో అని, తప్పుగా పలికినా ఏమీ అనుకోకూడదని ముందే అనుకుని నిలబడ్డాను.

అయిపోయింది. పుస్తకం మూసేశాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. అమ్మా, కూర్చో అని వసంత కొంగు పట్టి లాగింది.

జూన్ 4, శుక్రవారం

డాటీ చెప్పింది. కట్టుబాటు ఉందట. గోడ మీదికి రావాలంటే యుద్ధంలో పోవాలి. లేకపోతే యుద్ధమని గవర్నమెంటు ఒప్పుకున్న చోట పోవాలి. ప్రేమ్ సముద్రం దాటాడు, యూనిఫాంలో పోయాడు, కానీ జర్మనీలో యుద్ధం లేదు.

మరి తుపాకులు పేల్చారు కదా అన్నాను. అది ఏ సైనికుడికైనా పేలుస్తాం అంది. గోడ మీద పేరున్న ఒక కుర్రాడి తల్లి హాల్లో ఉంటే, ఆమె కాలరు మీది పిన్ను చూపించింది. బంగారు నక్షత్రం వెనక ఊదారంగు. ఊదా ఉంటే యుద్ధంలో పోయినట్టట. నాకిచ్చిన పిన్నులో నక్షత్రం ఉంది, ఊదా లేదు. ఇన్నాళ్ళూ అదొక డిజైను అనుకున్నాను.

నేను ఏడవలేదు. పిండి కలుపుతూనే ఉన్నాను. డాటీ నా చేతులు పట్టుకుని ఆపింది. నవంబరులో పెద్ద మీటింగు ఉంది, నేను లేచి అడుగుతాను అంది. హెర్షెల్ని కూడా పిలిచి చెప్పింది. ఆయన, డాటీ అడిగితే కాదనే మగాడు ఈ పోస్టులో ఇంకా పుట్టలేదు అన్నాడు.

జూన్ 5

వాడి పేరు రాసి చూశాను. ఇంగ్లీషులో. చాలా పొడుగు. రేకు మీద పడుతుందా.

నవంబరు 2, మంగళవారం

సమాధుల పండుగ. మన వైపు ఈపాటికి సమాధులన్నిటికీ సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ఉంటారు. ఆయన హార్డ్‌వేర్ షాపులో సున్నం కొని బకెట్లో కలిపి, బ్రష్షుతో సహా వెటరన్ల సమాధుల తోటకి తీసుకొచ్చారు. అక్కడి మనిషి పరుగెత్తుకొచ్చి ఆపాడు. రాళ్ళన్నీ ఒకేలా ఉండాలట. ఆయన బకెట్టు పట్టుకుని అలా నిలబడిపోయారు. దారిలో కాలవ గట్టున కారు ఆపి సున్నం పారబోశారు.

మీటింగు పద్దెనిమిదో తారీఖు. ఇంటికొచ్చాక ఆయనే అడిగారు, ఆ అమ్మగారు మాట మీద నిలబడే మనిషేనా అని. నిలబడుతుంది అన్నాను.

నవంబరు 11, గురువారం, సాయంత్రం

చెయ్యి ఆడటం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

వెటరన్స్ డే డిన్నరు. మధ్యాహ్నం నుంచి వంటగదిలోనే ఉన్నాం. ప్లేట్లు సర్దడానికి హాల్లోకి వెళ్ళాను. మూల ఒక చిన్న బల్ల వేశారు. మామూలు రోజుల్లో అది ఉండదు. తెల్లగుడ్డ, ఒకటే కుర్చీ, ఒక గులాబీ. ఖాళీ ప్లేటు. ప్లేటులో నిమ్మకాయ ముక్క, చిటికెడు ఉప్పు. గ్లాసు బోర్లించి ఉంది. ఇది ఎవరికి అని రూబెన్‌ని అడిగాను. ఇంటికి తిరిగిరాని అబ్బాయిలకి అన్నాడు.

పేరు చదవకపోతే ఏం, నా బిడ్డకి చోటు వేశారు అనుకున్నాను. నిమ్మకాయ, ఉప్పు. బాపట్లలో బడి నుంచి ఎండన పడి వచ్చి, పుస్తకాలు విసిరేసి, అమ్మా నిమ్మ ఉప్పు నీళ్ళు అనేవాడు. పంచదార వేస్తే ముట్టేవాడు కాదు. పాస్టరుగారు కేకలేసినా మా అమ్మ ప్రతి ఏడూ మా నాన్న సమాధి మీద చుట్ట పెట్టి వచ్చేది. ఇష్టమైంది పెట్టకుండా ఎలా ఉంటాం.

గ్లాసు తిప్పాను. నీళ్ళు పోశాను. నిమ్మ ముక్క పిండాను. ప్లేటులో ఉప్పు వేలితో తీసి వేసి స్పూనుతో కలిపాను. వేడివేడి చేప ముక్క తెచ్చి ప్లేటులో పెట్టాను. కూర్చునేవాడికి వీలుగా కుర్చీ కొంచెం వెనక్కి లాగాను.

జనం వచ్చేశారు. ఒక్కొక్కరే ఆ మూలకి చూసి మాట ఆపేశారు. డాటీ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఎవరు చేశారని అడగలేదు. నా వేలికి నిమ్మ గింజ అంటుకుని ఉంది.

నేను చెప్పబోయాను. నా పావు ఇంగ్లీషులో. మేం పెడతాం, చచ్చిపోయినవాళ్ళకి, ఇష్టమైనది, చచ్చిపోయినవాళ్ళకి. ఆ మాట రెండుసార్లు అన్నాను. డాటీ మొహం తెల్లగా అయిపోయింది.

ఆ బల్ల చచ్చిపోయినవాళ్ళకి కాదట. దొరకనివాళ్ళకి. ఈ పోస్టులో దొరకనివాడు ఒక్కడే, గ్యారీ. నిమ్మకాయ వాడి చేదు బతుకుకి గుర్తు. ఉప్పు అమ్మ కన్నీళ్ళకి గుర్తు. గ్లాసు బోర్లించడం, వాడు ఇవాళ మనతో తాగలేడని. వచ్చిన రోజు వాడే తిప్పుకుంటాడని. ఇదంతా తర్వాత రూబెన్ చెప్పాడు.

డాటీ గ్లాసు తీసుకెళ్ళి సింకులో పారబోసింది. కడిగింది. తుడిచింది. తెచ్చి బోర్లించింది. అప్పుడు నా వైపు చూసి అంది, నీ కొడుకు నీకు తిరిగొచ్చాడు, పెట్టెలో అయినా వచ్చాడు. నా కొడుకుని ఇందరి ముందు నువ్వు చంపేశావు అంది. అరవలేదు. మామూలుగా అంది.

ఏప్రన్ ముడి నాకు విప్పుకోవడం రాలేదు. దాంతోనే కారెక్కాను.

నవంబరు 12

ఫోన్ చేశాను. ఎత్తి, నా గొంతు విని పెట్టేసింది.

నవంబరు 14, ఆదివారం

ఆయన ఆ ఏప్రన్ ఉతికి ఇస్త్రీ చేసి, వెళ్ళి డాటీ వాళ్ళ గుమ్మానికి తగిలించి వచ్చారు. తలుపు తీయలేదట. లోపల రేడియో మోగుతోందట.

నవంబరు 18, గురువారం

డాటీ మీటింగుకి రాలేదు.

మేం సభ్యులం కాదు, లోపలికి రానివ్వరు కాబట్టి పార్కింగులో కారులో కూర్చున్నాం. హెర్షెల్ బయటికి వచ్చి టోపీ తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. మీ అబ్బాయి సంగతి నేనే ఎత్తాను, ఎవరైనా మాట్లాడతారా అని అడిగాను, ఎవరూ లేవలేదు అన్నాడు. కమాండరుగా ఉన్నవాడు తన తరపున అడగకూడదట. అడిగే మనిషి లేకపోతే ఓటు లేదు. తర్వాత ఐసు మిషన్ రిపేరు గురించి చాలాసేపు వాదించుకున్నారట. హెర్షెల్ ఇదంతా ఎందుకు చెప్పాడో. మంచివాడు కాబట్టే చెప్పి ఉంటాడు.

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఏమే, ఆ గోడ మీద లేకపోతే మనవాడు మనవాడు కాకుండా పోతాడా అన్నారు. పోడు అన్నాను. కారు స్టార్ట్ చేయలేదు.

1983 ఫిబ్రవరి 9

జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ఫీనిక్స్ నుంచి తెలుగు కుటుంబాలు వచ్చాయి. కీర్తనలు పాడాం. భోజనాల దగ్గర డాక్టర్ యోగానంద్ గారు, పోనీలెండి అమ్మా, యుద్ధంలో పోలేదు, అదొక నయం, యాక్సిడెంటు ఎక్కడైనా అవుతుంది అన్నారు. వసంత వచ్చి, అంకుల్, పలావు చల్లారిపోతోంది, నోరు అటు పెట్టండి అంది. డాక్టరుగారు ఇంకో గరిటె వేయించుకున్నారు.

మంచి మనసుతోనే అన్నారు. నాకు కనపడ్డ ప్రతివాళ్ళూ మంచి మనసుతోనే అన్నారు.

అక్టోబరు 25

బేరూత్ అనే ఊళ్ళో మన సైనికులు పడుకున్న బిల్డింగు పేల్చేశారు. వందలమంది పిల్లలు. టీవీలో తల్లుల్ని చూపిస్తున్నారు. ఆయన కట్టేయమన్నా నేను కట్టలేదు.

1984 మే 28

నేను వెళ్ళలేదు. వసంతని పంపాను. బేరూత్‌లో పోయిన ఈ చుట్టుపక్కల కుర్రాడి పేరు కొత్తగా చదివారట. నిద్రలో పోయినవాడి పేరు చదివారు. నావాడు మెలకువగా పోయాడు.

ఇది రాసినందుకు ఆ తల్లి నన్ను క్షమించాలి.

1985 సెప్టెంబరు 14, శనివారం

డాటీ వచ్చింది.

ముందు ఎవరో అనుకున్నాను. అంత చిక్కిపోయింది. వియత్నాం వాళ్ళు కొన్ని పెట్టెలు పంపారట. ఒక పెట్టె మీద గ్యారీ పేరు. లోపల మూడు పళ్ళు, ఒక ఎముక. గవర్నమెంటు వాళ్ళు నమ్మమన్నారట. పోయిన వారం సమాధి చేశారు. హెర్షెల్ తుపాకులు పేల్పించాడు. గోడ మీద రేకు కూడా వేసేశారట.

వంటగదిలో కుర్చీ లాగి కూర్చుంది. నీ కొడుకు మొహం చూశావా అని అడిగింది. చూశాను అన్నాను. ఎలా ఉన్నాడు అంది. ఎడమ చెంప తప్ప వాడిలాగే ఉన్నాడు అన్నాను. చాలాసేపు తల ఊపుతూనే ఉంది.

ఆ నీళ్ళు చెయ్యి అంది.

చేశాను. నిమ్మకాయ, ఉప్పు. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. ఎవడైనా ఇది ఇష్టపడి తాగుతాడా అంది. నాకు నవ్వొచ్చింది. తనకీ వచ్చింది. మిగతాది తాగలేదు.

నేను ఇప్పుడు అడిగినా ప్రయోజనం లేదు అంది. పైన పెద్ద ఆఫీసు నుంచి మనుషులు వచ్చి, కట్టుబాటు దాటి ఒక్క పేరు వేసినా రేకులన్నీ పీకించేస్తామని చెప్పి వెళ్ళారట. పోయినసారి అడిగి ఉంటే అయ్యేది అంది. అప్పుడు అయ్యేది. తెలుసు అన్నాను.

పోతూ పోతూ, నేను ఇంక ఆ వంటగదిలోకి అడుగు పెట్టలేను, చేపలు ఎవరో ఒకరు వేయించాలి కదా, నువ్వు వెళ్ళు అంది. సంచిలోంచి ఏప్రన్ తీసి బల్ల మీద పెట్టింది. ఆయన వేసిన ఇస్త్రీ మడత అలాగే ఉంది.

గ్లాసులో మిగిలింది ఆయన వచ్చి తాగేశారు. ఎవరిదని అడగలేదు.

నవంబరు 11

మూల బల్ల ఈసారి నేనే సర్దాను. గుడ్డ, గులాబీ, నిమ్మకాయ, ఉప్పు. గ్లాసు బోర్లించాను. ఇప్పుడు ఈ పోస్టులో దొరకనివాడు ఎవడూ లేడు. అయినా వేయాలట.

1986 ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇవాళ పోస్టు వంటగది కిటికీలో ప్లేటు ఏమీ పెట్టకుండా, నావాడి పేరు పూర్తిగా పైకి చెప్పి, బెల్లు ఒక్కసారి కొట్టాను. ఎవరో ముసలాయన లేచి కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

నీది కాదు అన్నాను.